కింది సొరుగు, అనామతు ఖాతా

నా టేబులుకు మూడు సొరుగులు ఉండేవి. పై సొరుగులో రబ్బరు స్టాంపులు, ఇంకు ప్యాడు, గుండుసూదులు. నడిమి సొరుగులో మా ఆవిడ కట్టిచ్చిన క్యారియరు, మధ్యలో ఆకలేస్తే నమలడానికి చెనిక్కాయల పొట్లం. కింది సొరుగు సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. కొత్తగా ఆఫీసుల్లో చేరి, మొదటిసారి సొంత టేబులు ముందు కూర్చున్న పిల్లలెవరైనా దీన్ని చదువుతుంటే, ముందు కాస్త వంగి మీ కింది సొరుగు లాగి చూసుకోండి. తేలిగ్గా రాకపోతే అది నిండిందని అర్థం.

పుంగనూరులో ఒక కాలేజీ ఆఫీసులో నేను సీనియర్ అసిస్టెంటుగా ఉండేవాణ్ణి. స్టడీ సర్టిఫికెట్లు, టీసీలు, బయటి నుంచి వచ్చే ఉత్తరాలకు జవాబులు, ఇవన్నీ నా సీటు పనులు. నేను లంచం తీసుకోలేదు. ఈ మాట చాలా ఏళ్లు గర్వంగా చెప్పుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, లంచం తీసుకునేవాడు చేతిలో ఏదైనా పడితే పని చేసి పంపుతాడు. నాకు ఆ బలహీనత కూడా లేదు.

నా పద్ధతి చెబుతాను. తేలిక కాగితమైతే వెంటనే చేసేసేవాణ్ణి. అవుననాలో కాదనాలో తెలియని కాగితం, ఏదో ఒకటి జత చేయని కాగితం, పక్క గదికి వెళ్లి ఎవరినో ఒక మాట అడగాల్సిన కాగితం వస్తే మాత్రం "సూస్తాం లేప్పా, రేపు రా" అని కింది సొరుగులోకి జార్చేవాణ్ణి. కోపం లేదు, కసి లేదు. లేవడానికి బద్ధకం, అంతే. మా అటెండరు నాకంటే వయసులో పెద్దవాడు. ఆ సొరుగుకు పాతాళం అని పేరు పెట్టాడు.

"పైన పడిన కాయితానికి సంతకం, కింద పడినదానికి సెదలు" అనేవాడు.

"సెదలు యాడ వస్తాయప్పా, కలరా ఉండలు వేసినాను కదా!" అనేవాణ్ణి. కాగితాలను అంత భద్రంగా చూసుకుంటున్నానని నా ఉద్దేశం.

నా తర్వాత చేరినవాళ్లు సూపరింటెండెంట్లు అయిపోతున్నారు. నాకు ఇంటర్మీడియట్ తప్ప డిగ్రీ లేదు. మా సూపరింటెండెంటు మేడమ్ ఒకరోజు పిలిచి, దూరవిద్యలో ఏదో ఒక డిగ్రీ కట్టండి, చదువుతున్నట్టు కాగితం చూపిస్తే మీ పేరు పంపే దారి వెతుకుతాను అన్నారు. నేను బీకాం ఎంచుకున్నాను. ఆఫీసులో క్యాష్ బుక్కు చూసినవాణ్ణి, అకౌంట్స్ నాకు కొత్తేమిటి అనుకున్నాను. ఆదివారం తరగతులు పుంగనూరులో కాకుండా మదనపల్లెలో పెట్టించుకున్నాను. కారణం మీరు ఊహించగలరు. నేను ఒక సర్టిఫికెట్టు కోసం వారం తిప్పిన కుర్రాడు పక్క బెంచీలో కూర్చుని నాకు పెన్ను అరువిస్తే ఎలా ఉంటుంది?

మదనపల్లె తరగతిలో అన్ని రకాల వాళ్లూ ఉండేవారు. అకౌంట్స్ చెప్పే సారు కలికిరి వైపు నుంచి వచ్చేవాడు. సన్నగా, చొక్కా చేతులు మడిచి, బోర్డును చేత్తో తట్టి తట్టి చెప్పేవాడు. మొదటి రోజే అన్నాడు.

"ఏ పని జరిగినా రెండు తావుల రాయాల. ఒకరి తావ వచ్చిందంటే ఇంకొకరి తావ పోయిందని లెక్క. ఒక తావ రాసి ఇంకో తావ మరిసిపోతే అది లెక్క కాదప్పా, కత."

నేను మాత్రం మొదటి నుంచీ కతలే రాశాను. కొన్న కుర్చీ ఏ వైపు, అమ్మిన సరుకు ఏ వైపు అని తేల్చుకునేలోపు సారు బోర్డు తుడిచేసేవాడు. నా పక్కన ఒకావిడ కూర్చునేది. ముప్పై దాటి ఉంటాయి. మదనపల్లెలో చీరల అంగట్లో బిల్లు కౌంటరు దగ్గర పనిచేసేది. ఆమెకూ అంతంత మాత్రమే వచ్చు గానీ రాత బాగుండేది, దానివల్ల తప్పు కూడా ఒప్పులాగా కనిపించేది.

"యాడ పని సేస్తారన్నా మీరు?" అని అడిగింది మొదటి వారం.

"గవర్నమెంటులో."

"గవర్నమెంటులో యాడ?"

"ఆఫీసులో."

"పోనీలే, పొలంలో అనలేదు" అని నవ్వింది. అంతకంటే తవ్వలేదు. నేనూ చెప్పలేదు.

అలా ఒక ఆదివారం సారు అంకణా, అంటే ట్రయల్ బ్యాలెన్స్ గురించి చెప్పాడు. అన్ని ఖాతాల నిలవలూ రెండు వైపులా పేర్చి కూడితే రెండూ సమానం రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు ఉన్నట్టు. తప్పు వెంటనే దొరక్కపోతే, ఆ తేడాను తాత్కాలికంగా ఒక ఖాతాలో వేసి ఉంచుతారు. దాన్ని సస్పెన్స్ అకౌంటు అంటారు. మా తెలుగు పుస్తకంలో అనామతు ఖాతా అని ఉంది.

నాకు ఒళ్లు ఝల్లుమంది. ఇన్నేళ్లుగా నేను సొంత తెలివితో నడుపుతున్న పద్ధతికి శాస్త్రంలో చోటు ఉంది, పైగా ఒక పేరు కూడా ఉంది! ఆ రోజు పుంగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పాతాళమని వెక్కిరించిన అటెండరుకు రేపు ఈ సంగతి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ వచ్చాను.

ఆ వారం హోంవర్కు చాలా హాయిగా చేశాను. కుర్చీల సంగతి తేలలేదు, అనామతు. అద్దె ముందే కట్టినట్టున్నాడు, అనామతు. సొంతానికి వాడుకున్న సరుకు, అది మరీ గొడవ, అనామతు. చివరికి అంకణా రెండు వైపులా సరిగ్గా సమానంగా వచ్చింది. జీవితంలో మొదటిసారి లెక్క కలిసిన ఆనందంలో కింద రెండు గీతలు గీశాను.

సారు నా పుస్తకం పైకెత్తి తరగతికంతా చూపించాడు.

"ఈయన వ్యాపారంలో కుర్చీ లేదు, బల్ల లేదు, సరుకు లేదు. మొత్తం అనామతు ఖాతానే. అంగడి తెరిస్తే ఏం కనపడతాది లోపల?"

"చీకటి సార్" అన్నారు వెనక బెంచీలోంచి ఎవరో.

అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. పుస్తకం నా ముందు పెట్టి, మెల్లగా అన్నాడు. "అది సత్రం కాదప్పా, బస్టాండులో బెంచీ. దాని మింద కూసున్నోడు యాడికో పోవాల్సినోడు. వాణ్ణి బస్సెక్కించేదాకా నీ పని అయిపోలేదు."

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. తర్వాతి ఆదివారం ఎక్కింది.

మధ్యాహ్నం అందరం వరండాలో కూర్చుని తినేవాళ్లం. చీరల అంగడి ఆవిడ చిత్రాన్నం తెచ్చి సగం నాకు పెట్టేది. నేను రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి తీసుకెళ్లేవాణ్ణి. ఆ రోజు ఆమె సరిగా తినకుండా గిన్నెలో చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఏమయిందమ్మా అన్నాను.

"నా కొంప మూడు ముక్కలన్నా" అంది. "మా ఆయన కుప్పంలో రాళ్ల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ మింద ఉండాడు. నేను ఈడ హాస్టల్లో. బిడ్డ పుంగనూరులో మా అమ్మ తావ. కుప్పంలోనే ఒక కంపెనీలో అకౌంట్స్‌లో పని ఇస్తామన్నారు. వస్తే ముగ్గురం ఒక కప్పు కింద ఉంటాం. నా ఇంటర్ సర్టిఫికెట్టు నిజమా కాదా అని నేను సదివిన కాలేజీకి రాసినారంట. నెలలైపాయ, ఆ కాలేజోళ్లు జవాబే రాయలేదంట."

"ఏ కాలేజీ?" అన్నాను. నోట్లో సంగటి ముద్ద ఉంది.

చెప్పింది. మా కాలేజీ. నేను అక్కడికి బదిలీ మీద రాకముందు చదివి వెళ్లినట్టుంది, అందుకే నన్ను ఎరగదు.

"ఆ గుమాస్తా ఎవురో గానీ, వాడు మింగే సంగటి వాని గొంతులోనే అడ్డం పడ!" అంది.

నాకు పొలమారింది. కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. ఆమె గబగబా నా నెత్తిమీద తట్టి నీళ్లసీసా అందించింది.

"తాగన్నా, తాగు. ఎవురో తలుసుకుంటాండారు మిమ్మల్ని."

సోమవారం పొద్దున్నే కింది సొరుగు లాగాను. బలంగా లాగితే తప్ప రాలేదు. కంపెనీ ఉత్తరం ఉంది. పేరు ఆమెదే. వెరిఫికేషన్ ఫీజు జత చేయలేదు, అందుకే అక్కడ పడింది. ఫీజు పంపండి అని ఒక్క వాక్యం రాసి ఉంటే నెలల కిందటే పని అయిపోయేది. ఇప్పుడు రాద్దామంటే, ఉత్తరం మీద అందిన తేదీ స్టాంపు నా చేతులతోనే వేసి ఉంది. ఇన్నాళ్లు ఏం చేశావని మేడమ్ అడుగుతారు. మెమో వస్తుంది. ప్రమోషన్ జాబితాలో నా పేరు అప్పుడే పైకి వెళ్లడానికి తయారుగా ఉంది.

ఇక్కడ నేను చేసిన పనికి బద్ధకం అని పేరు పెట్టలేను. ఆ ఉత్తరాన్ని మళ్లీ కింది సొరుగులో పెట్టాను. జాబితా వెళ్లనీ, తర్వాత చూద్దాం అనుకున్నాను. కాగితం అక్కడికి జారిపోవడం వేరు, తెలిసి పెట్టడం వేరు. ఆమె కొంప మూడు ముక్కలుగా ఎక్కడ ఆగి ఉందో ప్రపంచంలో నాకొక్కడికే తెలుసు. తెలిసి కూడా తర్వాతి ఆదివారం వెళ్లి ఆమె చిత్రాన్నం తిన్నాను. బాగుంది కూడా.

ఆ వారం ఆమె ఇంకో తిట్టు తెచ్చింది. "వాడెక్కిన బస్సు నడిదావలో పంచరై, పైన వాన కురవాల."

"అంత కోపం ఎందుకమ్మా, పాపం ఆయనకు ఏం ఇబ్బందో" అన్నాను.

"మీరు మంచోళ్లన్నా, మీకట్లనే అనిపిస్తాది."

సాయంత్రం పుంగనూరు బస్సు దారిలో నిజంగానే పంచరైంది. వాన మాత్రం రాలేదు. పైవాడు కూడా నా విషయంలో సగం పని చేసి సగం సొరుగులో వేసినట్టున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం ఆమె తరగతికి వస్తూనే నా దగ్గరికి వచ్చి నిలబడింది. కంపెనీవాళ్లు ఫోన్ చేశారట. నెలాఖరులోపు కాలేజీ జవాబు రాకపోతే వేరేవాళ్లను తీసుకుంటారట. నెలాఖరు ఆ వారంలోనే ఉంది.

"రేపు లీవు పెట్టి నేనే పుంగనూరు పోతాండా. మీరు గూడా రాండన్నా."

"నేనా? నేనెందుకమ్మా?"

"మీరు గవర్నమెంటోళ్లు, మీ మాట ఇంటారు. మీరేమీ మాట్లాడద్దు. ఊరికే నా పక్కన నిలబడితే సాలు. నాకు ఆఫీసులంటే నోరు రాదు."

వస్తానన్నాను. రానని చెప్పడానికి ఒక్క కారణం కూడా తోచలేదు, నిజం తప్ప.

సోమవారం మామూలు కంటే ముందే ఆఫీసుకు వెళ్లాను. కూర్చుని సెలవు చీటీ రాశాను. కడుపునొప్పి అని రాశాను, అది అబద్ధం కూడా కాదు. చీటీ మేడమ్ టేబులు మీద పెట్టి వెళ్లిపోతే, ఆమె వస్తుంది, గుమాస్తా లేడంటారు, తిరిగి వెళుతుంది. చీటీ చేతిలో పట్టుకుని నా సీట్లోనే కూర్చున్నాను.

"ఏం సార్, లీవు రాసుకోని ఆఫీసులోనే ఉండారే?" అన్నాడు అటెండరు.

కిటికీ ఊచల్లోంచి చూస్తే ఆమె గేటు లోపలికి వస్తోంది. ఇస్త్రీ చీర కట్టుకుంది. భుజానికి సంచి. లోపలికి రాలేదు. వరండా మెట్టు మీద నిలబడి, రోడ్డు వైపు చూస్తూ ఫోన్ తీసింది. నా టేబులు మీద ఫోన్ గిలగిలా కొట్టుకుంది. సౌండు ముందే తీసేశాను.

"ఫోను సార్" అన్నాడు అటెండరు.

"గమ్మునుండప్పా."

ఆగింది. మళ్లీ కొట్టుకుంది. అటెండరు బయటికి వెళ్లి ఆమెతో ఏదో మాట్లాడి వచ్చాడు.

"కుప్పం ఉత్తరం గురించి వచ్చినాదంట. లోపలికి రామ్మా అంటే రాదు. ఎవురో అన్న వస్తానన్నాడంట, ఆయన వస్తేనే వస్తాదంట. పాపం, ఆ అన్నకు గూడా చిత్రాన్నం కట్టుకోనొచ్చినాది."

నేను తల ఎత్తలేదు. అటెండరు కిటికీలోంచి ఆమెను చూశాడు, నా ఫోన్ చూశాడు, నా చేతిలో చీటీ చూశాడు. ముసలాడు, చాలా ఆఫీసులు చూసినవాడు. వంగి, కింది సొరుగును రెండు చేతులతో లాగి తెరిచాడు. అంతే, వెళ్లి తన స్టూలు మీద కూర్చున్నాడు.

ఉత్తరం తీసుకుని లేచాను. పక్క తలుపులోంచి బయటికి వెళ్లి, వరండా చుట్టి వచ్చి ఆమె వెనక నిలబడ్డాను.

"ఎంత సేపన్నా! బస్సు దొరకలేదా?" అంది, మొహమంతా వెలిగిపోయి. "రాండి, రాండి."

ఇద్దరం కౌంటరు దగ్గరికి వెళ్లాం. ఇన్నేళ్లలో ఆ కౌంటరు ముందువైపు నిలబడటం నాకదే మొదలు. చిన్న కిటికీ. లోపలివాడి మొహం చూడాలంటే మెడ వంచాలి. అది అంత కిందికి ఉందని నాకు తెలియదు. ఆమె వంగి చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది.

"ఎవురూ లేరే అన్నా. వాడు ఈ పొద్దు గూడా రాలేదా ఏమి?"

"వచ్చినాడమ్మా" అన్నాను. "నీ పక్కన నిలబడుండాడు."

ఉత్తరం చూపించాను. ఆమె ఉత్తరం చూసింది, నన్ను చూసింది, ఖాళీ కుర్చీ చూసింది. ఏడుస్తుందేమో, చెంప మీద కొడుతుందేమో అనుకున్నాను. తర్వాత అడిగింది.

"మొదటి నుంచి తెలుసునా మీకు?"

"సంగటి గొంతులో అడ్డం పడినప్పటి నుంచి."

"తెలిసే నా సద్ది తిన్నారా?"

తలకాయ ఊపాను. నన్ను క్షమించమ్మా అన్నాను. ఆ తిట్లన్నీ నాకు తగలాల్సినవే అని కూడా అన్నాను.

"తిట్లు నేను ఎనక్కి తీసుకోనన్నా" అంది. "అన్నీ మీ ఖాతాలోనే రాసినా. ముందు నా కాయితం సంగతి సూడండి. మిగతాది తర్వాత."

మేడమ్ దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆలస్యం పూర్తిగా నాదని నోట్ రాసి కింద సంతకం పెట్టాను. ఫీజు ఆమె కట్టింది. నేను కడతానన్నా వినలేదు, "మీ దానం నాకొద్దు" అంది. రికార్డు చూసి జవాబు టైపు చేయడానికి కాఫీ తాగినంత సేపు కూడా పట్టలేదు. ప్రిన్సిపాల్ సంతకం కావాలి, ఆయన మీటింగుకని మదనపల్లె వెళ్లారు. బస్సెక్కి మదనపల్లె వెళ్లి, మీటింగు హాలు బయట కాచుకుని సంతకం చేయించాను. పోస్టులో వేస్తే సమయానికి అందదు. మర్నాడు తెల్లవారుతూనే సీలు వేసిన కవరు పట్టుకుని పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం బస్సెక్కాను.

కంపెనీ గేటులో వాచ్‌మన్ "మేనేజర్ ఇల్లె, నాళైక్కి వాంగ" అన్నాడు. నాకు తమిళం రాదన్నట్టు చూశాను. లోపలి నుంచి వచ్చిన ఒకాయన "నాళె బన్ని" అన్నాడు కన్నడంలో. చివరికి ఒక అమ్మాయి వచ్చి తెలుగులో "రేపు రాండి సార్" అంది. మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న ఊరు గనుక, నేను జీవితమంతా పంచిన మాట నాకు మూడు భాషల్లో తిరిగి వచ్చింది. కదలనన్నాను. ప్లాస్టిక్ కుర్చీలో మాపటిదాకా కూర్చుని, మేనేజరు చేతిలోనే కవరు పెట్టి వచ్చాను.

ఇక్కడితో అంతా సుఖాంతమని రాయాలని ఉంది గానీ, కాదు. అకౌంట్స్ సీటు అప్పటికే వేరొకరికి మాట ఇచ్చేశారు. ఆమెను లోడు పంపే సెక్షన్‌లో వేశారు. జీతం తక్కువ, దుమ్ము ఎక్కువ. బిడ్డను తెచ్చుకుని ముగ్గురూ ఒకచోట చేరారు, అదొక్కటి నిలిచింది. మిగిలిన తేడా నావల్లనే వచ్చింది. దానికి ఏ ఖాతా తెరిచినా సర్దుబాటు లేదు.

నాకు మెమో వచ్చింది. జాబితాలోంచి పేరు పోయింది. కింది సొరుగు మొత్తం నేల మీద బోర్లించి ఒక్కొక్క కాగితానికీ జవాబు రాయడం మొదలుపెట్టాను. అటెండరు పక్కన కూర్చుని గుండుసూదులు అందించాడు. కొన్నింటికి జవాబు అక్కర్లేకుండా పోయింది. వాటిని విడిగా కట్ట కట్టి పక్కన పెట్టాం.

ఇంత జరిగాక అకౌంట్స్ పరీక్ష బాగా రాశాననుకుంటున్నారేమో. అంకణాలో చిన్న తేడా వచ్చింది. అనామతు ఖాతాలో వేసి ముందుకు పొమ్మని ప్రశ్నలోనే రాసి ఉంది. నేను వేయనని పట్టుబట్టి, తప్పు వెతుకుతూ కూర్చున్నాను. గంట కొట్టారు. తప్పాను.

"వద్దన్న తావ వాడతావు, వాడమన్న తావ వాడవు. ఏం మనిషప్పా నువ్వు!" అని సారు నెత్తి కొట్టుకున్నాడు. రెండోసారి గట్టెక్కాను.

ప్రమోషన్ ఆలస్యంగా వచ్చింది, కుప్పంలో ఒక కాలేజీకి సూపరింటెండెంటుగా. చేరిన రోజే వడ్రంగిని పిలిచి నా టేబులు కింది సొరుగు తీయించేశాను. పై రెండు సొరుగులు, కింద ఖాళీ కంత. చూసినవాళ్లు టేబులుకు పన్ను ఊడిందనేవారు.

నేను రిటైరయ్యే ఏడు, అడ్మిషన్ల రోజుల్లో బయట కౌంటరు దగ్గర మా కొత్త అసిస్టెంటు గొంతు వినపడింది. "ఒక కాయితం తక్కువుండాదమ్మా, రేపు రా." ఆ వెంటనే ఇంకో గొంతు, లోపలి గదిదాకా వినపడేలా.

"అన్నా! లోపలుండారా? మీ సొరుగు ఇంగా ఉండాదా, పోయిందా?"

లేచి బయటికి వెళ్లాను. ఆమే. నేను ఇక్కడ ఉన్నానని ఎవరో చెప్పారట. పక్కన టెన్త్ పాసైన కూతురు. ఆ తక్కువైన కాగితం ఏమిటో చూసి, నేనే పక్క గదికి వెళ్లి అడిగి తెచ్చాను. ఇద్దరినీ లోపల కూర్చోబెట్టి నా టేబులు చూపించాను. ఆమె వంగి, ఆ కంతలోకి చూసి, చెయ్యి పెట్టి కూడా చూసింది. నమ్మకం కుదిరినట్టుంది. కూతురి భుజం మీది సంచి తీసి అందులో పెట్టింది.

"ఈడ పెడతాండానన్నా. పోయేటప్పుడు దొరుకుతాది కదా?"

మధ్యాహ్నానికల్లా అమ్మాయికి సీటు రాసిచ్చాం. పోయేటప్పుడు ఆ పిల్ల వంగి సంచి తీసుకుంది. నా కింది సొరుగు చోటులోకి వెళ్లినది ఏదైనా అదే రోజు బయటికి రావడం, నా ముప్పై ఏళ్ల సర్వీసులో అదే మొదలు.